బస్తరు తూనీగలు – సమీప ఛాయాచిత్రణము



బస్తరు పేరు వినగానే ఛాయాగ్రాహకులకు స్ఫురించునవి చిత్రకోట జలపాతము, కొండగోరువంక, డెబ్బదియైదు దినముల దసరా. ఓరుగల్లు పతనానంతరము కాకతీయ వంశీయుడగు అన్నమదేవుడు అచట రాజ్యము నెలకొల్పెనను ప్రతీతి కలదు గనుక తెలుగువారి కెమెరాలకు ఆ దసరాపై మక్కువ మరికొంత హెచ్చు. ఆ దినములలోనే, వానలు తగ్గుముఖము పట్టగా, వరిమళ్లపైన, వాగులపైన తూనీగలు ముసరుచుండును. వానివంక చూచువారు అరుదు. చూచినవారు తెచ్చు చిత్రములలోనైనను తరచుగా కన్నులు మాత్రమే స్పష్టము. తక్కిన దేహమంతయు మంచులో మునిగినట్లుండును.

ఇది కటకము చౌకదగుటచే వచ్చిన లోపము కాదు. లెక్క చూడుడు. 36 మిల్లీమీటర్ల వెడల్పుగల ఫ్రేముపై పురుగును నిజపరిమాణమున పట్టినచో, ఎఫ్-11 వద్ద స్పష్టముగా పడు లోతు ఒక మిల్లీమీటరునకు కొంచెము హెచ్చు. సగము పరిమాణమునకు తగ్గించినచో అది సుమారు నాలుగు మిల్లీమీటర్లగును. చేలలో తిరుగు సామాన్యపు తూనీగ రెక్కల చాపు ఆరేడు సెంటీమీటర్లు. సగము పరిమాణముననే ఫ్రేము నిండిపోవును. కావున మరింత చేరువకు పోవుట కాదు, కొంచెము వెనుకకు జరుగుటయే మేలు.

పిమ్మట కోణము. తూనీగ రెక్కలు చాచి వ్రాలును గనుక పైనుండి తీయునపుడు కెమెరా వెనుకభాగము రెక్కలకు సమాంతరముగా నుండవలెను. దాని జ్ఞాతులగు సన్నని డామ్సెల్‌ఫ్లైలు పెక్కు రెక్కలను వీపుపై మూసికొనును. వానిని ప్రక్కనుండి తీయుట యుక్తము. తిన్నగా పడు ఫ్లాషు రెక్కల నిగనిగను తెల్లని మచ్చగా మార్చును. పలుచని తెల్లగుడ్డ అడ్డుపెట్టిన చాలును.

అన్నిటికంటె ముఖ్యము పురుగు స్వభావము నెరుగుట. పెక్కు జాతుల మగతూనీగ తన పుల్లను విడిచి యెగిరినను మరల ఆ పుల్లపైకే వచ్చును. వెంబడించువానికి అది చిక్కదు. తన నీడ దానిపై పడనీయక ఆ పుల్లవద్ద కూర్చున్నవానికి చిక్కును. వేకువ చలిలో రొమ్ము కండరములు వేడెక్కువరకు అది ఎగురలేదు; మంచుబిందువులతో నిశ్చలముగా నుండును. మధ్యాహ్నమున తోక నిట్టనిలువుగా నెత్తుట విన్యాసము కాదు, ఎండ తాకిడిని తగ్గించుకొను ఉపాయము. కొందరు పురుగును మంచుపెట్టెలో మొద్దుబార్చి, తెచ్చి ఆకుపై నిలిపి తీయుదురు. అది తోకకు దారము కట్టి ఆడుకొను పిల్లల చేష్టకంటె హీనము. పిల్లలు దానిని ప్రకృతిచిత్రమని ప్రదర్శనలకు పంపరు.

ఈ శ్రమ అందమునకే కాదు. ఫ్రేజరు 1933-36 నడుమ మూడు సంపుటములుగా వెలువరించిన భారతదేశ తూనీగల గ్రంథమునకు ఆధారము సేకరించిన కళేబరములు. చచ్చిన తూనీగ రంగు త్వరలో చెడును. సజీవ వర్ణమును నిలుపగలది ఛాయాచిత్రమే. కాని అది సాక్ష్యమగుటకు మూడు భాగములు తెలియవలెను: రొమ్ము ప్రక్కనున్న చారలు, రెక్కల ఈనెలు, మగదాని తోకచివరి పట్టుకొమ్ములు. కన్నుల బొమ్మ ఎంత మనోహరమైనను పలుమార్లు జాతిని చెప్పజాలదు. కొన్ని జాతులను సూక్ష్మదర్శినిక్రింద తప్ప నిర్ణయింప వీలులేదనుటయు నిజమే.

తూనీగ బాల్యమంతయు నీటిలోనే గడచును; నీరు చెడినచో సున్నితమైన జాతులు ముందుగా తొలగిపోవును. 1982లో జాతీయవనముగా ప్రకటింపబడిన కాంగేర్ లోయవంటి చోట వాగు వాగునకు తీసిన చిత్రములు, ఏండ్లు గడచిన కొలది, ఆ నీటి చరిత్రయే యగును. అందుచే అచటికి పోవువారు అటవీశాఖ అనుమతితోపాటు చిన్న పుస్తకమొకటి వెంట నుంచుకొని, ప్రతి చిత్రమునకు తేదీ, వేళ, వాగు పేరు, పురుగు వ్రాలిన తావు అచటనే వ్రాసికొనవలెను. ఇంటికి వచ్చి జ్ఞాపకముమీద వ్రాసినవి పనికిరావు.