వెలుగుకు దుబాసీ

ఐర్లండ్‌లోని కార్లో కౌంటీలో 1820లో పుట్టిన జాన్ టిండాల్, వంగి పడే నీటిధార వెంట వెలుతురు కూడా వంగి వెళ్లడం 1854లో లండన్‌లో చూపించాడు. ఆయన పేరిట ఇప్పుడు కార్క్ నగరంలో ఉన్న టిండాల్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్‌లో కాంతి పరికరాల మీద పరిశోధన జరుగుతోంది.

ఆ నీటిధారలో లాగే ఆప్టికల్ ఫైబర్‌లోనూ నడిచేది వెలుతురు. నెట్‌వర్క్ స్విచ్‌కు తెలిసింది కరెంటు భాష. ఈ రెంటికీ మధ్య దుబాసీ, వేలెడంత ఉండే ట్రాన్సీవర్ మాడ్యూల్.

కొనేముందు ధర కాదు, దూరం అడగండి. డబ్లిన్ డేటా సెంటర్లో ఒక ర్యాక్ నుంచి పక్క ర్యాక్‌కైతే 850 నానోమీటర్ల మాడ్యూల్, మల్టీమోడ్ ఫైబర్ చాలు. 10 గిగాబిట్ వేగంలో, ఓఎం3 రకం తీగ మీద 300 మీటర్ల దాకా పనిచేస్తుంది. ఊరు దాటాలంటే సింగిల్‌మోడ్ కావాలి: 10 కిలోమీటర్లకు 1310, 40కో 80కో 1550 నానోమీటర్లు.

"ఎక్కువ దూరంది కొంటే పోలా?" అంటారు కొందరు. పోదండీ! 80 కిలోమీటర్ల మాడ్యూళ్లను రెండు మీటర్ల తీగతో కలిపితే, ఎదురుగా లారీ హెడ్‌లైటు కొట్టినట్టు అవతలి రిసీవర్ కళ్లు బైర్లు కమ్ముతాయి, ఒక్కోసారి పాడైపోతుంది కూడా. తప్పదనుకుంటే వెలుతురు తగ్గించే అటెన్యుయేటర్ పెట్టాలి.

ఒకే పోగు మీద రాకపోకలు సాగించే బైడీ రకమైతే జంటగా కొనాలి. ఇవతల పంపే రంగును అవతల అందుకోవాలి కదా. రెండు చివర్లా ఒకే రకం మాడ్యూల్ గుచ్చి, తీగ తెగిందని తవ్వించినవాళ్లూ ఉన్నారు.

ఇక కొత్త మాడ్యూల్ మూతి మీది రబ్బరు బిరడాను, తీగ గుచ్చే క్షణం దాకా తీయకండి.