సగటు చెప్పని సంగతి



"ఇన్నేళ్లూ ఏం పరిశోధన చేశావురా?" అని ఇందాక మన సైన్సు మాస్టారు అడిగారు. ఎక్కువ భాగం ఒకే పదార్థం మీద చేశానండి. దాని పేరు వనేడియం డయాక్సైడ్.

తొమ్మిదో తరగతిలో మీరు బల్బు, బ్యాటరీ, రెండు తీగలు పెట్టి వాహకాలేవో, అవాహకాలేవో చూపించారు. ఇనుప మేకు ఒక జట్టు, చెక్క ముక్క ఇంకో జట్టు. ఈ పదార్థం జట్టు మారుస్తుంది. సుమారు 68 డిగ్రీల సెల్సియస్ దాటితే లోహమవుతుంది. మంచి స్ఫటికంలో విద్యుత్ నిరోధం పదివేల రెట్లకు పైగా పడిపోతుంది. చల్లారితే మళ్లీ మొదటికొస్తుంది. 1959లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఎఫ్.జె. మోరిన్ ఈ సంగతి ప్రకటించారు. పరమాణువులు జతలు విడిపోవడం వల్లా, ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్లా అన్న వాదన దశాబ్దాలుగా నడిచింది.

మేం దీన్ని కాంతితో పరీక్షిస్తాం. చల్లగా ఉన్నప్పుడు పలుచని పొర గుండా పరారుణ కాంతి చాలావరకు దాటిపోతుంది. లోహమయ్యాక పొర దాన్ని తిప్పికొడుతుంది. ఎండ వేడిని ఆపే కిటికీ అద్దాలకు ఇది పనికొస్తుందని ఆశ. కాస్త టంగ్‌స్టన్ కలిపితే ఆ 68 డిగ్రీలు గది ఉష్ణోగ్రత దాకా దిగుతుంది.

విద్యార్థిగా నేనొక తప్పు చేశాను. మార్పు మధ్యలో రీడింగు నడిమికి వచ్చేది. పొరంతా ఒకేలా సగం లోహమైందని రాసుకున్నాను. 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగోలో బసోవ్ బృందం సన్నటి మొనతో పరారుణ కాంతిని ప్రయోగించి, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కన్నా చిన్న చోట్లను విడివిడిగా చూసింది. అక్కడ కనిపించినవి లోహపు మడుగులు. వాన పడితే మన స్కూలు గ్రౌండులో గుంటలు నిండి, ఒకదానితో ఒకటి కలిసినట్టే. నా వెడల్పాటి కాంతిపుంజం వాటన్నిటి సగటే చూపింది. రాసుకున్న అధ్యాయం పక్కన పెట్టాను.

అప్పుడు మీరే గుర్తొచ్చారు మాస్టారూ. పదో తరగతి క్వార్టర్లీలో నా సగటు 31. చదువు మాన్పించి కొట్లో కూర్చోబెడదామని నాన్న నిశ్చయించుకున్నారు. మీరు మా ఇంటికొచ్చారు. చేతిలో ప్రోగ్రెస్ కార్డు లేదు, నా ఫిజిక్స్ పేపరు ఉంది. విద్యుత్ పాఠం జవాబొకటి చూపించి, "ఈ ఒక్కటీ చూసి చెప్పండి" అన్నారు. నాన్న చాలాసేపు చూశారు. మర్నాడు నేను బడికొచ్చాను.

ఇప్పుడు ఇక్కడ పాఠాలు చెబుతున్న గురువులకు నా విన్నపం ఒక్కటే. సగటు తక్కువున్న పిల్లవాడి పేపరు మరోసారి తిప్పి చూడండి. ఎక్కడో ఒక మడుగు మొదలై ఉంటుంది.

సెలవు.