గర్భిణి చేతిలోని ఫోను

కాగితపు మిల్లుతో పేరొందిన కాగజ్‌నగరులో, కోడిచే గ్రుడ్లు పొదిగించు ప్రతి ఇల్లాలికిని ఒక సంగతి తెలియును: వేడిమి హద్దు మీరినచో గ్రుడ్డులోని ప్రాణి నిలువదు. సెల్‌ఫోను వలన కడుపులోని శిశువునకు కీడు కలుగునా యని అడుగు గర్భిణికి మేమిచ్చు సమాధానము అక్కడినుండియే మొదలగును.

ఎక్స్‌రే కిరణములు జీవకణములలోని అణువులను చీల్చగలవు. కనుకనే గర్భిణుల విషయమున వైద్యులు వాటిని అవసరమైననే వాడుదురు. ఫోను తరంగములకు ఆ శక్తి లేదు. ఈ ప్రసంగమును మీ రేడియోకు చేర్చు తరంగములకు అవి దాయాదులు. దేహమును కొంచెము వెచ్చబరచుటయే నిశ్చయముగా తెలిసిన వాటి పని. జంతువులపై జరిపిన పరీక్షలలో, దేహము వేడెక్కునంత తీవ్రముగా వాటిని ప్రసరింపజేసినపుడు పిండము బరువు తగ్గుట కనబడినది. చేతి ఫోను ఆ మేరకు పోకుండ, మన దేశమున 2012 సెప్టెంబరు 1 నుండి దేహభాగము కిలోగ్రామునకు 1.6 వాట్ల హద్దు విధింపబడినది. అంతకు తక్కువ తీవ్రతలో కీడు కలదని కొన్ని పరీక్షలు, లేదని కొన్ని పరీక్షలు చెప్పుచున్నవి.

కావున జాగ్రత్త వలయును, భయము వలదు. ఫోనును బొడ్డున దోపుకొనక ఎడముగా ఉంచవలెను. సిగ్నలు సరిగా అందని అడవి పల్లెలలో ఫోను తన బలమంతయు వెచ్చించును. అచ్చట ఆరుబయటకు వచ్చి క్లుప్తముగా మాట్లాడుట మేలు.

అయితే నొప్పులు మొదలైన రాత్రి ఈ లెక్కలేవియు చూడరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005లో మొదలైన 108 బండిని పిలుచుటకు ఆ ఫోనే దిక్కు. కోడలి ఫోనును పెట్టెలో దాచు అత్తగారు, తేలని కీడును తప్పించబోయి తెలిసిన ఆపదను ఇంటికి పిలుచుకొందురు.