శీర్షిక చార్జిషీటు కాదు
(కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పత్రికలు స్వలింగ ప్రేమికులను గూర్చి వ్రాయు తీరు నేటి నా అంశము. వేతనములు, పెన్షను, ఖాళీల భర్తీ వంటి సమస్యలు ఎదుట నుండగా ఈ ప్రసంగమెందుకని కొందరికి తోచవచ్చును. కావున మనకు తెలిసిన అనుభవముతోనే ప్రారంభించెదను. 1974 మే 8న మొదలైన రైల్వే సమ్మెలో సుమారు 17 లక్షలమంది పాల్గొన్నారు. వేలాదిమంది అరెస్టయినారు. అనేక కుటుంబములను క్వార్టర్ల నుండి వెళ్లగొట్టినారు. ఎన్ని బండ్లు నడిచినవో ఆనాడు లెక్క చెప్పినది ప్రభుత్వమే. ఆ లెక్కకే ప్రాధాన్యము దక్కినది. వార్త ఎవరిని గూర్చినదో వారు నోరు విప్పుటకు తావు లేకపోవుట, వారిపై అధికారము కలవారి మాటయే వార్తయగుట, ఇదియే పక్షపాతము.

స్వలింగ ప్రేమికుల విషయములో ఇది ఎట్లు జరిగినదో చూచుటకు అమెరికాలోని న్యూయార్క్ టైమ్స్‌ను ఉదాహరణగా గైకొందము. గౌరవము పొందిన పత్రిక గనుకనే దానిని ఎన్నుకొన్నాను. నగరములో స్వలింగ ప్రేమికులు బాహాటముగా సంచరించుట పెరిగినదనియు, అది ఆందోళనకరమనియు 1963 డిసెంబరు 17న ఆ పత్రిక మొదటి పుటలోనే దీర్ఘ వ్యాసము వేసినది. అందు పెద్దపీట పోలీసు అధికారులకు, మానసిక వైద్యులకు. 1969 జూన్ 28 తెల్లవారుజామున స్టోన్‌వాల్ అను మద్యశాలపై పోలీసులు దాడి చేయగా అక్కడివారు తిరుగబడినారు. ఆ తిరుగుబాటు నుండియే నేటి హక్కుల ఉద్యమము ఊపందుకొన్నది. మరునాటి పత్రికలో అది 33వ పుట వార్త. నలుగురు పోలీసులు గాయపడినారన్నది దాని శీర్షిక.

1981 జూలై 3న 41 మంది స్వలింగ ప్రేమికులలో అరుదైన క్యాన్సరు కనిపించినదని లోపలి పుటలో ఒక వార్త వచ్చినది. తరువాత ఎయిడ్స్ అని పేరు పొందిన వ్యాధి అదియే. 1982లో చికాగో ప్రాంతమున విషము కలిసిన టైలనాల్ మందు వలన ఏడుగురు మరణించగా దేశమంతటి పత్రికలు వెంటనే పతాక శీర్షికలు పెట్టినవి. ఎయిడ్స్ మాత్రము ఈ పత్రిక మొదటి పుటకు చేరినది 1983 మే 25న. అప్పటికి మృతుల సంఖ్య ఐదువందలు దాటినది. ఆ వార్తలలో అబద్ధము వ్రాసినారని నేననుట లేదు. ఏ మరణము ఏ పుటకు తగునో నిర్ణయించుటలోనే తీర్పు ఉన్నది.

పదములలోను తీర్పు ఉండును. ఆ జనులు తమకు తాము పెట్టుకొన్న ‘గే’ అను పేరును ఆ పత్రిక తన సొంత వాక్యములలో 1987 వరకు అనుమతింపలేదు. మన తెలుగు పత్రికలలో వాడుకయైన ‘స్వలింగ సంపర్కులు’ అను మాటను గమనించండి. భార్యాభర్తలను ఏ పత్రికయు సంపర్కముతో గుర్తింపదు. వీరిని మాత్రము పడకగది పేరుతోనే పిలుచుచున్నాము.

తపాలా సోదరులు ఎరుగదగిన కథ ఒకటి కలదు. దినపత్రికలలో తమకు చోటు లేనందున లాస్ ఏంజెలిస్‌లో కొందరు 1953లో ‘వన్’ అను మాసపత్రికను ప్రారంభించినారు. 1954 అక్టోబరు సంచికను అశ్లీలమని అక్కడి పోస్టుమాస్టరు బట్వాడాకు నిరాకరించినాడు. క్రింది కోర్టులు ఆయననే సమర్థించినవి. 1958 జనవరి 13న అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. దినపత్రికలు మన మాట వేయనందుననే మనము ఈ బులెటిన్ నడుపుచున్నాము. వారును అట్లే చేసినారు. కవరులోని అభిప్రాయమును చూచి ఉత్తరమును ఆపుట తపాలా ధర్మము కాదు.

ఇక మన దేశము. 2001 జూలైలో లక్నోలో ఎయిడ్స్ నివారణకు పనిచేయు సంస్థలపై పోలీసులు దాడిచేసి నలుగురు కార్యకర్తలను 45 దినములకు పైగా నిర్బంధించినారు. ఆరోగ్య ప్రచార సామగ్రిని అశ్లీల సాహిత్యమని పోలీసులనగా, కొన్ని పత్రికలు ఆ మాటనే వార్తగా వేసినవి. 2011 ఫిబ్రవరిలో హైదరాబాదులో టీవీ9, స్వలింగ ప్రేమికుల ఫోటోలను, ఫోను సంభాషణలను బయటపెట్టి కథనము ప్రసారము చేసినది. వార్తా ప్రసార ప్రమాణాల సంస్థ దానిని తప్పుపట్టి, లక్ష రూపాయల జరిమానా విధించి, క్షమాపణ ప్రసారము చేయుమని ఆదేశించినది.

మనకు అన్నిటికన్న దగ్గరి ఉదంతము అలీగఢ్‌లో జరిగినది. అక్కడి విశ్వవిద్యాలయములో మరాఠీ బోధించు ఆచార్య సిరాస్ ఇంటిలోకి 2010 ఫిబ్రవరి 8 రాత్రి కెమెరాతో ఇద్దరు చొరబడినారు. ఏకాంతములో నున్న ఆయనను చిత్రించినారు. వారు టీవీ విలేఖరులమని చెప్పుకొన్నవారు. విశ్వవిద్యాలయము ఆయనను సస్పెండు చేసినది. క్వార్టరు ఖాళీ చేయుమన్నది. వయోజనుల అంగీకృత సంబంధము నేరము కాదని ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2న చెప్పియే యుండినది. 2010 ఏప్రిల్ 1న అలహాబాదు హైకోర్టు ఆ చర్యలను నిలిపివేసినది. ఆరు దినములకు ఆయన తన అద్దె గదిలో మృతుడై కనిపించినాడు. ఒక జాతీయ పత్రిక విలేఖరి ఆయనను కలిసి ఆయన మాటను లోకమునకు వినిపించినాడన్న సంగతి కూడ చెప్పుట న్యాయము. కలము ఆ పనియు చేయగలదు.

కెమెరా, సస్పెన్షను, క్వార్టరు. ఈ మూడు మాటల బరువు క్వార్టర్లలో నివసించు మనకు ఎవరును వివరింపనక్కరలేదు. ఇట్టి సంబంధములు మా మతమునకు, మా ఆచారమునకు సమ్మతము కావని మనలో కొందరనవచ్చును. ఎవరి విశ్వాసమును మార్చుమని సంఘము అడుగుట లేదు. కాని 311వ అధికరణము, రైల్వేలో 1968 క్రమశిక్షణ, అప్పీలు నిబంధనలు, తపాలాలో 1965 నిబంధనలు మనకు ఒక మాట ఇచ్చినవి: ఆరోపణ వ్రాసి ఇచ్చి, జవాబు విని, విచారణ జరిపిన పిమ్మటనే శిక్ష. ఒక సభ్యుని విషయములో పత్రికా శీర్షికను చార్జిషీటుగా అంగీకరించినచో రేపు సమ్మె చేసిన ప్రతి కార్యకర్తకు అదే గతి పట్టును.

చట్టము నేడు స్పష్టముగా నున్నది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ తీర్పును త్రోసిపుచ్చినను, 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము అట్టి సంబంధము నేరము కాదని ఏకగ్రీవముగా నిర్ణయించినది. ఈ తీర్పును పత్రికలు, రేడియో, టీవీల ద్వారా విస్తృతముగా ప్రచారము చేయవలెనని న్యాయమూర్తి నారిమన్ తన తీర్పులో ప్రభుత్వమును ఆదేశించినారు. వివాహ హక్కును మాత్రము 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు గుర్తింపలేదు.

శాఖా కార్యదర్శులకు నా సూచనలు మూడు. ఇట్టి వార్త వచ్చినప్పుడు అందు మాట్లాడినది ఎవరు, పేరు, ఉద్యోగము బయటపడినది ఎవరిది అని సభ్యులచేత ప్రశ్నింపజేయండి. పత్రిక కత్తిరింపు ఆధారముగా సభ్యునిపై చర్య తలపెట్టినచో, ఆయన అంతరంగ జీవితమును చర్చింపక, ఇతర కేసులవలెనే రక్షణకు నిలువండి. అన్యాయపు వార్తపై మొదట సంపాదకునికి వ్రాయండి. దినపత్రికయైనచో రెండు నెలలలోపల ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపండి. 1978 చట్టము క్రింద ఆ కౌన్సిల్‌కు జరిమానా వేయు అధికారము లేదు. మందలించుట, అభిశంసించుట మాత్రము చేయగలదు. ఆ మందలింపు సైతము అచ్చులో నిలిచియుండును.

మన సభ్యులలోను ఇట్టివారు ఉన్నారు. వారు మనకు తమ సంగతి చెప్పకపోయిననూ చందా కట్టుచున్నారు, సమ్మెలో నిలిచినారు. వారికి సంఘము అండ కలదని తెలియునట్లు మన బులెటిన్ వ్రాయవలెను.

కార్మికుల ఐక్యత వర్ధిల్లవలెను.