వాన కురవని నివేదికలు

 ఈ సభకు వస్తూ దారిలో సోలార్ పలకలు ప్రతినిధులంతా చూసే ఉంటారు. అది 1500 మెగావాట్లకు తలపెట్టిన పార్కు. అందులో ఎన్టీపీసీ 250 మెగావాట్లు 2016లో మొదలయ్యాయి. పార్కు రాకముందు ఇది ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టాల నేల, చెనిక్కాయ నేల. దీనికి పర్యావరణ ప్రభావ నివేదిక రాసిందెవరని మీలో చిన్నవాళ్లు అడగొచ్చు. సోలార్ ఫోటోవోల్టాయిక్ ప్రాజెక్టులకు ఆ నివేదికలు కోరే 2006 నోటిఫికేషన్ వర్తించదని కేంద్ర పర్యావరణ శాఖే మెమో ఇచ్చింది. పలకలు కడగడానికి నీళ్లు మాత్రం కావాలి. నివేదికే అక్కర్లేని ఊళ్లో నివేదికల మంచిచెడ్డలు మాట్లాడమని నన్ను కూర్చోబెట్టారు!

నా పాత తగవు మీకు తెలిసిందే. గనికైనా, ఫ్యాక్టరీకైనా నివేదిక రాసే నిపుణుణ్ణి పెట్టుకునేది దరఖాస్తుదారు, ఫీజిచ్చేదీ అతనే. కన్సల్టెంట్లకు నాబెట్ గుర్తింపు వచ్చాక ఈ జబ్బు నయమైందని మనలోనే కొందరు పత్రాలు చదివారు. గుర్తింపు కన్సల్టెంటు చదువును చూస్తుంది, చెక్కు ఎవరు రాశారో చూడదు.

ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడు మన దగ్గర్నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు ఒకటుంది: కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడుకీ మధ్య నడిచింది. హైదరాబాదుకు తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పది కిలోమీటర్ల నిషేధ పరిధిలో ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీకి మండలి అనుమతి నిరాకరించింది. కంపెనీ ఒక పెద్ద శాస్త్రవేత్త అఫిడవిట్ తెచ్చింది, అప్పీలులో అది చెల్లింది. సుప్రీంకోర్టులో జస్టిస్ ఎం. జగన్నాధరావు 1999 జనవరిలో దాన్ని అక్కడితో ఒప్పుకోలేదు. ప్రమాదం లేదని చూపించే భారం ఫ్యాక్టరీ పెట్టేవాడిదేనన్నారు, జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీని నివేదిక అడిగారు. భూగర్భజలాల సంగతి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్.జి.ఆర్.ఐ.) చూసింది. 2000 డిసెంబరులో అనుమతి లేదని తేలింది. నిపుణుణ్ణి ఎంచుకున్నది తీర్పు చెప్పేవారు. ఆ కేసులో నాకు నచ్చింది అదే.

ఇక అసలు ప్రశ్న. వెనక బెంచీల్లో అప్పుడే నవ్వుతున్నారు, ముసలాయన మళ్లీ వాన సంగతి ఎత్తుకుంటాడని. ఎత్తుకుంటాను. చాలా ప్రాజెక్టులకు వానాకాలం తప్పించి ఒక్క సీజన్ లెక్కలు తెస్తే చాలు. గాలికి ఆ నియమం సరే, వానలో దుమ్ము అణిగిపోతుంది గనుక. నీళ్లకెందుకు? ఈ చుట్టుపక్కలంతా గ్రానైటు, నైస్ రాయి. పైన పలచని శిథిల పొర, కింద పగుళ్లు. ఉన్న నీళ్లన్నీ వాటిలోనే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన, అందులో పెద్ద వంతు సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఏ చెరువు నిండితే ఏ బావి ఊరుతుందో అప్పుడే తెలుస్తుంది. మార్చిలో వచ్చినవాడికి ఎండిన బావి కనిపిస్తుంది, ఇక్కడ పాడయ్యేదేమీ లేదని రాసుకుపోతాడు. గాలి, శబ్దం, జీవజాతుల జాబితా అన్నీ ఒక ఎత్తు, నీళ్ల సంగతొక్కటీ ఒక ఎత్తు. హైదరాబాదులో కూర్చుని ఉపగ్రహ చిత్రం మీద గీతలు గీసి బోరు చోటు చెప్పే విద్వాంసులకు ఇది పట్టదు.

ఒక కన్సల్టెన్సీ కుర్రాడు పాత నీటిమట్టాల లెక్కల కోసం నా దగ్గరికొచ్చాడు. వాన నెలలు వదిలేసి మిగతావి రాసుకున్నాడు. ఇదేమిటంటే, "ఫార్మాట్‌లో ఆ గడి లేదు సార్" అన్నాడు. ఆ లెక్కలు ఊరూరా తిరిగి, పరిశీలన బావుల్లో టేపు దించి ఫీల్డు అసిస్టెంట్లు రాసినవి. వాళ్ల పేర్లు ఏ నివేదికలోనూ ఉండవు. ఆ లెక్కల పుస్తకాలకు చెద పట్టకముందే కంప్యూటర్లోకి ఎక్కించి అందరికీ అందుబాటులో పెట్టండి. యువ పరిశోధకులకు కొత్త మోడళ్ల కన్నా ముందు చేయాల్సిన పని అది.

సాయంత్రం తీర్మానాల కమిటీ ముందు నేను పెట్టేవి ఇవి. దరఖాస్తుదారు ఫీజు ప్రభుత్వ ఖాతాలో కట్టాలి, నిపుణుణ్ణి అనుమతిచ్చే అధికారి ఎంచాలి. నీటి అధ్యాయానికి జూన్ నుంచి మే దాకా పూర్తి ఏడాది కొలతలుండాలి. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు సారాంశంతో సరిపెట్టకుండా ఆ అధ్యాయం మొత్తం తెలుగులో ఊళ్లకు చేరాలి. కన్సల్టెన్సీలు నడుపుతున్న మన సభ్యులు ఖర్చు పెరుగుతుందని అడ్డు చెబుతారు. చెప్పనివ్వండి. అయితే ఏ దరఖాస్తుదారు పని ఇప్పుడు చేతిలో ఉందో ముందు సభకు చెప్పి, ఆ తర్వాతే చెయ్యెత్తాలని అధ్యక్షుడిగా నా రూలింగ్.