పెట్టె ఎవరిది ముందు తెరిచాం?

 

ముందుగా నేను చేసిన ఒక తప్పు చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మా హాస్టల్లో ఒకమ్మాయి ఐదు వందల నోటు కనబడలేదు. ఆ గదిలో పన్నెండు మంది ఉంటారు. అందరి చూపూ ఒక్క పిల్ల మీదికే పోయింది. ఆమె ఎరుకల పిల్ల. నేనూ ఎరుకల ఇంట్లోనే పుట్టాను. అయినా ముందు ఆ పిల్ల పెట్టే తెరిపించాను. మర్నాడు నోటు దొరికింది, పోగొట్టుకున్న అమ్మాయి సైన్సు పుస్తకంలోనే. తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆ పిల్ల ఏమందో తెలుసా? "ఎలాగూ దొంగనే అంటారు కదా మేడమ్. తీసినా ఒకటే, తీయకపోయినా ఒకటే."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేరం ఎక్కడ పుడుతుందో ఆ ఒక్క మాటలో ఉంది. హోవర్డ్ బెకర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1963లో 'అవుట్‌సైడర్స్' అనే పుస్తకంలో ఈ సంగతే వివరించాడు. ఒకసారి ముద్ర పడిందంటే పని ఇచ్చేవాళ్ళు ఉండరు, మంచి స్నేహాలు దూరమవుతాయి. చివరికి ఆ ముద్ర చూపించే దారే మిగులుతుంది.

మన తాతముత్తాతలకు జరిగింది అదే. ఎరుకలవాళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్ళకు చేర్చి, ధాన్యం తెచ్చుకునేవాళ్ళు. బుట్టలు అల్లేవాళ్ళు, సోది చెప్పేవాళ్ళు. తెల్లదొరల ఉప్పు విధానాలు, రైళ్ళు ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయినవాళ్ళకు సాయం అందలేదు, అనుమానం ఎదురైంది. 1871లో నేరస్త తెగల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మన మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించుకోమన్నారు, పాసు లేకుండా ఊరు దాటితే శిక్ష అన్నారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా వెలసిన సెటిల్‌మెంటే. దాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. ఒక్కసారి ఆలోచించండి. హాజరు కోసం ఊరు కదలలేనివాడు కూలికి ఎక్కడికి పోతాడు? పని దొరకనివాణ్ణి చూసి, "చూశారా, వీళ్ళింతే" అన్నారు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. అందుకే మనల్ని విముక్త జాతులు అంటారు. చట్టం పోయినా చూపు పోలేదు. ఊళ్ళో దొంగతనం జరిగితే ముందు మన వాడకే వస్తారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్ళలో కుల వివక్ష మీద తీర్పు ఇస్తూ, విముక్త జాతులవాళ్ళను పోలీసులు ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకూడదని చెప్పింది. ఇది గుర్తుపెట్టుకోండి.

మీకు మూడు మాటలు చెబుతాను. ఒకటి, ముద్ర ఉందని తప్పు ఒప్పైపోదు. దొంగతనం చేస్తే అది దొంగతనమే. కానీ ఒకడు చేసిన పనికి జాతి మొత్తం జవాబుదారీ కాదు. రెండు, అన్యాయంగా పట్టుకుంటే భయపడి సంతకాలు పెట్టకండి. అరెస్టుకు కారణం అడగండి. 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. మూడు, మనం కూడా ఇంకొకరి మీద ముద్ర వేయొద్దు. "ఆ పేటవాళ్ళంతా తాగుబోతులు", "ఆ గూడెంవాళ్ళంతా మొద్దులు" అని మన నోటితో అన్ననాడు, 1871 నాటి దొర మనలోనే కూర్చున్నట్టు.

ఇప్పుడు మా హాస్టల్లో ఏదైనా పోతే ముందు పోగొట్టుకున్నవాళ్ళ పెట్టే వెతుకుతాం. అక్కడ దొరక్కపోతే మంచాల వరుసలో మొదటినుంచి చివరివరకు అందరివీ చూస్తాం. ఆ పిల్లకు నేను ఇవ్వగలిగిన క్షమాపణ ఇదే.

సెలవు.