సరిహద్దు పాటలలో పశువుల లెక్క
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నా ఇంగ్లీషు బడిలో అబ్బినది కాదు. ఈ గ్రంథాలయపు పుస్తకములను, ప్రక్కన నిఘంటువు నుంచుకొని, కూడబలుకుకొనుచు నేర్చినదే. ఉచ్చారణలో తప్పులున్న మన్నింతురుగాక. వృత్తిచే లెక్కలు వ్రాయువాడనగుటచేత పాట విన్నను, పద్యము విన్నను అందలి అంకెలమీదికే నా దృష్టి పోవును. ఈ అవలక్షణమే నేటి ప్రసంగమునకు కారణము.

ఇంగ్లండునకును స్కాట్లండునకును నడుమ కొండలతోను బీళ్లతోను కూడిన సరిహద్దు సీమ యొకటి కలదు. పదమూడవ శతాబ్ది చివరనుండి మూడువందల యేండ్ల పాటు ఆ రెండు రాజ్యములును మాటిమాటికి పోరాడుచుండెను. సేనలు వచ్చినపుడెల్ల పైరు తగులబడును. పశువునైన తోలుకొని కొండయెక్కవచ్చును. కావున అచటివారికి పశువే ఆస్తి యయ్యెను. చీకటిలో పొరుగువాని పశువులను తోలుకొని వచ్చుటయు నొక వృత్తి యయ్యెను. ఆర్మ్‌స్ట్రాంగు, ఎలియట్, స్కాట్, గ్రాహం, కెర్ మొదలగు ఇంటిపేర్లవారు ఇందులో ప్రసిద్ధులు. వీరిని రీవర్లనిరి. ఆత్మీయులను పోగొట్టుకొన్నవారి విషయమున ఇంగ్లీషువారు వాడు ‘బిరీవ్‌డ్’ అను మాటయు ఆ కుదుటిదే. దోచువానికిని, దుఃఖించువానికిని మాట యొకచోటనే పుట్టినది.

చట్టము లేకపోలేదు. 1249లోనే సరిహద్దు న్యాయములు వ్రాసికొనిరి. తరువాత ఇరువైపులను మూడేసి మండలములుగా విభజించి, వార్డెనులను అధికారులను నియమించిరి. పశువులు పోయినవాడు ఆరు దినములలోపల దొంగలను వెంబడించి సరిహద్దు దాటవచ్చును. అయితే, అచట నేలనుండి త్రవ్వి వంటచెరకుగా వాడు నల్లని గడ్డనొకదానిని వెలిగించి, ఈటె కొనకు గ్రుచ్చి, అందరికిని కనబడునట్లు పట్టుకొని పోవలెను. దొంగచాటుగా పోవుచున్నవాడు కాడనుటకు అదియే గుర్తు.

ఇంతకన్న సులభమైన రక్షణ మరియొకటి యుండెను. బలవంతుడగు దొంగకే ముందుగా ఏటేట సొమ్ము ముట్టజెప్పుట. ‘మెయిల్’ అనగా ఆ సీమ భాషలో శిస్తు. ప్రభువునకు చెల్లించునది శిస్తు, దొంగకు చెల్లించునది నల్లశిస్తు. నేడు మనము పత్రికలలో చదువు ‘బ్లాక్‌మెయిల్’ అను మాట ఇదియే. రెండు శిస్తులను చెల్లించిన రైతు గతి యేమో లెక్కలు వ్రాయువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక పాటకు వత్తము. జేమీ టెల్ఫర్ అను స్కాట్లండు రైతునకు పది పాడియావులు. ఇంగ్లండు వైపు బ్యూకాసిల్ అను కోటలోని కెప్టెను వచ్చి వానిని తోలుకొనిపోయెను. టెల్ఫరు కాలినడకను పరుగెత్తి ఎలియట్ల పెద్దను శరణు జొచ్చెను. అతడు, నల్లశిస్తు ఎవరికి కట్టితివో వారినే అడుగుమని త్రిప్పిపంపెను. చివరకు స్కాట్ వంశీయులు ఆదుకొని దొంగల నెదుర్కొనిరి. విల్లీ స్కాట్ అను యువకుడు పోరులో చచ్చెను. అంతటితో ఆగక, వారు కెప్టెను సొంత మందనుగూడ తోలుకొని వచ్చిరి. పోయినవి పది, టెల్ఫరు దొడ్డికి చేరినవి ముప్పదిమూడు!

పాట వినువారు ఇచట సంతోషింతురు. నేనును మొదటిసారి సంతోషించితిని. తరువాత, మిగులు ఇరువదిమూడింటి పద్దు ఎచట వ్రాయవలెనని తోచెను. అవి ఎవరి దొడ్డినుండి మొదట కెప్టెను మందలో చేరినవో పాట చెప్పదు.

మరియొక విచిత్రము. ఈ పాటకే వేరొక పాఠము కలదు. అందులో త్రిప్పిపంపినవాడు స్కాట్ వంశపు ప్రభువు, ఆదుకొన్నవారు ఎలియట్లు! మొదటి పాఠమును 1802–03లో అచ్చొత్తించిన మహాకవి సర్ వాల్టర్ స్కాట్ గారి ఇంటిపేరు మీకందరకు తెలిసినదే. రెండవది తరువాత చైల్డు పండితుని సంపుటములలో వెలువడినది. ఒకే భూమికి రెండు పట్టాలు పుట్టుట మన యెరుకలోనిదే గదా!

అట్లని పాటలన్నియు అబద్ధములని నేననను. హెండర్‌లాండు ప్రభువగు కాక్‌బర్న్‌ను 1530లో రాజు శిక్షించెను. పాట ప్రకారము అతని నింటివద్దనే చంపిరి. భార్య ఒంటరిగా శవమును వీపున మోసికొనిపోయి, తన చేతులతోనే గోయి త్రవ్వి పూడ్చెను. దస్త్రము ప్రకారము ఎడింబరోలో విచారించి తలగొట్టిరి. దస్త్రమే నిజము. కాని ఆ భార్యకు దస్త్రములో గడి లేదు.

ఈ మాట నేను తేలికగా అనుట లేదు. వెనుక నొకసారి పశుగణనకై ఇల్లిల్లు తిరుగుచు ఒక వృద్ధురాలి వాకిట నిలిచితిని. ఆవు చచ్చెననియు, ఆనాటినుండి మనుమనికి పాలు లేవనియు ఆమె చెప్పుచునే యుండెను. నేను ‘ఆవులు – లేవు’ అని వ్రాసికొని తరువాతి యింటికి పోతిని. ఫారములో అంతకుమించి చోటు లేదు. ఆమెను ఈ విధవ పాట చదివిన రాత్రి మరల తలచుకొంటిని.

ఈ పాటలు సేకరించుటలో స్కాట్ గారికి తోడ్పడినవాడు జాన్ లేడెన్, ఆ సీమవాడే. పాట తునక యొకటి దొరికినపుడు, మిగిలిన భాగమెరిగిన ముదుసలిని వెదకుకొనుచు నలువది మైళ్లకు మించి నడచిపోయి తెచ్చెనట. ఆయన 1803లో కంపెనీ వైద్యుడుగా మన చెన్నపట్టణమునకు వచ్చి, 1811లో జావాలో కన్నుమూసెను.

స్కాట్ గారికి పాటలు వినిపించినవారిలో జేమ్స్ హాగ్ అను గొఱ్ఱెలకాపరి కవి తల్లియు నొకతె. పుస్తకము చూచి ఆమె సంతోషింపలేదు. ఇవి పాడుటకు పుట్టినవిగాని చదువుటకు కావు, అచ్చువేసి చెరచితివి, ఇక నెవ్వరును పాడరని ఆ మహానుభావుని ముఖముననే అనెనని కుమారుడు వ్రాసియున్నాడు. గ్రంథాలయోత్సవమున ఈ మాట చెప్పవచ్చునా యని సందేహించి, చెప్పుటకే నిశ్చయించితిని. నేనును ఈ పాటలను కంటితో చదివితినేగాని చెవితో వినలేదు. ఆ తల్లి లెక్కలో నేనును బాకీదారుడనే.